పాడుపడిన రైలుదారులు – మన కర్తవ్యము

మన సంఘపు సంచికలలో ఏటేట దేవాలయములను గూర్చియు, కవులను గూర్చియు, రాయలవారి కాలమును గూర్చియు వ్యాసములు వచ్చుచున్నవి. అవి రావలసినవే. ఈ సంవత్సరము నేను పాడుపడిన రైలుదారులను గూర్చియు, రైళ్లు నడచుట మానిన సొరంగములను గూర్చియు వ్రాయబూనుకొంటిని. సంస్కృతికిని రైలు సొరంగమునకును సంబంధమేమి యని పెద్దలు కొందరు పెదవి విరువవచ్చును. ఆ పెదవి విరుపునకు సమాధానముగానే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సెలవు దినములలో నలుగురైదుగురు కూడి మోటారుసైకిళ్లపై బయలుదేరి, ఎక్కడనో కొండల నడుమ విడిచిపెట్టిన సొరంగములోనికి జొరబడి, సెల్‌ఫోనులతో బొమ్మలు తీసికొని వచ్చుట ఇటీవల మన కుర్రవారికి వేడుకయైనది. దీనిని గూర్చి మన పెద్దలలో రెండు పక్షములున్నవి. ఒక పక్షమువారు, 'ఇది పనిలేని తిరుగుడు. పాములును గబ్బిలములును కాపురమున్న చోట మన బిడ్డలకేమి పని? కట్టడి చేయవలెను' అందురు. రెండవ పక్షమువారు, 'వయసులో ఉన్నవారికి ఆమాత్రపు ధైర్యముండవలదా? పోనిండు' అందురు. నేను ఈ రెండు పక్షములను కాదనుచున్నాను. ఇరువురును సొరంగమును ఒక చీకటి బిలముగానే చూచుచున్నారు. అది మనుష్యులు తమ చేతులతో చేసిన పని యన్న సంగతి ఇరువురికిని తట్టినట్లు లేదు.

మొదట ధైర్యవాదులతో రెండు మాటలు. ధైర్యమనగా ఎదుట నున్నదేమో యెరిగి అడుగు వేయుట. ఎరుగక వేసిన అడుగునకు ధైర్యమని పేరు లేదు. మన పల్లెలలో పాడుబావిలో పూడిక తీయుటకు దిగబోవువారు ముందుగా ఒక దీపమును త్రాటితో దింపి చూచెడివారు. దీపము కొండెక్కినచో మనిషి దిగడు. లోపల ప్రాణవాయువు చాలదని దాని వలన తెలియును. ఒక కొన పూడిపోయి గాలి ఆడని పాత సొరంగము కూడ అటువంటి బావియే. బావి నిలువుగా ఉన్నది, ఇది అడ్డముగా ఉన్నది. చెడుగాలికి వాసన ఉండవలెనను నియమము లేదు. మనిషికి తెలియకుండగనే మోకాళ్లు సడలును. మన కుర్రవారు చేతబట్టుకొని పోవునది సెల్‌ఫోను దీపము. గాలి ఎంత చెడినను అది వెలుగుచునే యుండును. పూర్వుల ఆముదపు దీపము చేసిన హెచ్చరికను అది చేయజాలదు.

ఇంకొక సంగతి. రైళ్లు నడచినన్నాళ్లు గ్యాంగువారు దినదినము దారివెంట నడచి చూచుచుందురు. సొరంగపు కప్పులో వదులైన రాయిగాని, ఉబ్బిన ఇటుకగాని కనబడినచో తట్టి చూచి, అవసరమైనచో ముందుగానే రాల్చివేయుదురు. నీరు పోవు కాలువలలో మట్టి తీసివేయుదురు. రైలు మానిన నాటినుండి ఆ కాపలాయు మానిపోవును. నీరు ఊరుచునే యుండును, సున్నము కరగుచునే యుండును, రాయి వదులగుచునే యుండును. గబ్బిలముల పెంట ధూళి ఊపిరితిత్తులలో చేరి రోగము కలిగించునని వైద్యులు చెప్పుచున్నారు. వీటికి తోడు చట్టమొకటి యున్నది. 1989వ సంవత్సరపు రైల్వే చట్టము 147వ విభాగము ప్రకారము అనుమతి లేక రైల్వేవారి స్థలములో ప్రవేశించినవారికి ఆరు నెలల వరకు ఖైదుగాని, వేయి రూపాయల వరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. కావున 'పోనిండు' అనువారు తమ బిడ్డలను ఎక్కడికి పోనిచ్చుచున్నారో ఒకసారి ఆలోచింతురుగాక.

ఇక కట్టడి పక్షమువారి మాట. సొరంగములో చూడదగినదేమియు లేదని వారి నమ్మకము. చూచుట తెలిసినవానికి అందులో ఒక గ్రంథమంత విషయమున్నది. కొండకు ఇరుప్రక్కలనుండి త్రవ్వకము మొదలుపెట్టి, నడుమ ఒకరికొకరు కనబడకుండగనే, కొలతలను నమ్ముకొని, ఇరువైపులవారు ఒకే చోట కలిసికొనవలెను. యంత్రములు లేని నాడు సమ్మెటతో ఉలిని కొట్టి రాతికి రంధ్రము చేసి, అందులో మందు కూరి పేల్చి, పొగ తగ్గకమునుపే లోనికి పోయి రాళ్లను తట్టలతో మోసికొని వచ్చెడివారు. నేల కొద్దిపాటి వాలుగా నుండుట నీరు బయటికి పోవుటకు. గోడలో అక్కడక్కడ మనిషి నిలువబట్టునంత గూడులుండుట, రైలు వచ్చునప్పుడు పనివాడు ఒదిగి ప్రాణము కాచుకొనుటకు. కప్పునంటిన మసి ఆవిరియంత్రముల కాలపు గురుతు. ఆ గూడు ముందు నిలువబడి 'ఇక్కడ ఒక మనిషి రోజునకు ఎన్నిసార్లు ఒదిగి నిలిచెనో' అని తలపోయని కుర్రవాడు అంతదూరము పోయియు ఏమియు చూడలేదనియే నా అభిప్రాయము.

మన తెలుగునాట దీనికి మంచి ఉదాహరణము నల్లమలలో ఉన్నది. గుంటూరు–గుంతకల్లు మీటరుగేజి దారిని 1880వ దశకములో సదరన్ మరాఠా రైల్వేవారు ఆ అడవికొండలను చీల్చుకొని వేసిరి. లోయపై కట్టిన దొరబావి వంతెన ఆనాటి ఘనకార్యములలో ఒకటి. 1990వ దశకములో బ్రాడ్‌గేజికి మార్చునప్పుడు దారిని వేరుగా తీసి, పాత వంతెనను విడిచిపెట్టిరి. దాని ఎత్తైన స్తంభములు నేటికిని అడవిలో నిలిచియున్నవి. అది పులులు తిరుగు అరణ్యము. అటవీశాఖవారి అనుమతి లేక పోదగిన చోటు కాదు. అయినను దానిని చూడవలెనని ఉబలాటపడువారు ఎందరో. దూరపు కొండలు నునుపు గదా!

కట్టడి తప్ప వేరు దారి లేదనువారికి ఇతర దేశముల సంగతి కూడ విన్నవించెదను. ఇంగ్లండులో బాత్ పట్టణము దగ్గర కూంబ్‌డౌన్ అను సొరంగము 1874లో తెరువబడినది. దాని పొడవు ఒక మైలుకు పైగా ఉన్నది. 1966లో ఆ రైలుదారిని మూసివేసిరి. నలుబది యేండ్లకు పైగా పాడుపడియుండిన ఆ సొరంగమును పరీక్షించి, బాగుచేసి, దీపములు పెట్టి, 2013లో నడచువారికిని సైకిలు త్రొక్కువారికిని తెరచిరి. న్యూజీలాండులో రిముటాకా కొండలపై 1878లో వేసిన దారిని 1955లో విడిచిపెట్టి, పిమ్మట దానిని సొరంగములతో సహా కాలినడక బాటగా చేసిరి. పిల్లలతో కుటుంబములు అక్కడ నడచుచున్నవి. పాడుపడిన దానిని భయపడి మూయుట, భయములేక దూరుట – ఈ రెంటికి నడుమ మూడవ మార్గమొకటి కలదని దీనివలన తేలుచున్నది. తెలిసికొని, బాగుచేసికొని, చూచుట ఆ మార్గము.

ఇంత దూరము పోవనేల? పెరటి చెట్టు మందునకు పనికిరాదన్నట్లు, మన వాకిట నున్న పాడుపడిన రైలుదారిని మనము తలపను కూడ తలపము. మదరాసు రైల్వేవారి పెద్దలైను 1861లో సేలము చేరినది. మన బొమ్మిడి, బుడ్డిరెడ్డిపట్టి స్టేషనులు ఆ దారిలోనివే. ఆ లైనుపై నున్న మొరప్పూరునుండి ధర్మపురికి 2 అడుగుల 6 అంగుళముల గేజి గల చిన్నరైలుదారిని 1906లో తెరచిరి. 1913లో దానిని హోసూరు వరకు పొడిగించిరి. తిరుపత్తూరునుండి కృష్ణగిరికి అటువంటిదే మరియొక దారిని 1905లో తెరచియుండిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలములో, 1941లో, ఈ రెండు దారులును మూతపడినవి, పట్టాలు తీసివేసిరి. 1960వ దశకములో సేలము–బెంగుళూరు మీటరుగేజి దారి వచ్చి ధర్మపురికి మరల రైలు కూత వినబడినది గాని, మొరప్పూరు–ధర్మపురి ముక్క మాత్రము తెగినది తెగినట్లే యుండెను. దానిని మరల కలుపుటకు శంకుస్థాపన జరుగుటకు 2019వ సంవత్సరము వరకు వేచియుండవలసి వచ్చినది.

ఆ చిన్నరైలును ఎందుకు వేసిరి? మన అవ్వలు ధాత కరువని చెప్పెడి 1876–78 సంవత్సరముల కరువులో మదరాసు రాజధానిలో లక్షలకొలది జనులు మాడి చచ్చిరి. సేలము జిల్లాకు తగిలిన దెబ్బ సామాన్యమైనది కాదు. ధాన్యమున్న చోటినుండి లేని చోటికి చేర్చు దారులు చాలకపోవుట ఆ చావులకు ఒక కారణమని ప్రభుత్వమువారు పిమ్మట గ్రహించి, కరువుసీమలకు రక్షణగా రైలుదారులు వేయవలెనని తలచిరి. మన సీమలోని ఆ రెండు చిన్నదారులును ప్రధానముగా కరువు రక్షణకై పుట్టినవే. అనగా ఆ గట్టు మన పూర్వుల ఆకలికి గురుతు. దానిమీద నడుచుట పనిలేని తిరుగుడని నేను ఒప్పుకొనను.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. ఈ గట్టులు వేసినవారెవరు? ఈ సొరంగములు త్రవ్వినవారెవరు? బొంబాయి–పూనా నడుమ బోర్‌ఘాటు దారిలో 25 సొరంగములు త్రవ్వి 1863లో తెరచిరి. దాని ఇంజనీరు జేమ్స్ బర్క్లీ యని గ్రంథములు చెప్పును. కంట్రాక్టరు సాలమన్ ట్రెడ్‌వెల్ వచ్చిన కొద్దికాలమునకే మరణింపగా, అతని భార్య ఆలిస్ ఆ పనిని సాగించినదని కూడ చెప్పును. కలరాచేతను, ఇతర రోగములచేతను, ప్రమాదములచేతను అక్కడ వేలకొలది కూలీలు మరణించిరి. వారి పేర్లు మాత్రము ఏ గ్రంథమునందును లేవు.

పేర్లు లేకపోవుటకు కారణము నావంటి గుమాస్తాకు బాగుగా తెలియును. నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, కొలతల పుస్తకములును బిల్లులును వ్రాయుచు ఉద్యోగము గడిపినవాడను. దినకూలి పనికి మస్టరు రోలు ఉండును. అందులో ప్రతి కూలి పేరును ఎక్కును. గుత్తపనికి అట్లు కాదు. గట్టు ప్రక్కన మన్ను తీసిన గుంటల పొడవు, వెడల్పు, లోతు కొలిచి, ఇన్ని ఘనపుటడుగులు, ఇంత రేటు, మేస్త్రీ పేరిట ఇంత సొమ్ము అని వ్రాయుదుము. లోతు తెలియుటకై గుంటలో అక్కడక్కడ త్రవ్వక విడిచిన మట్టిదిబ్బలను చూచి కొలుతుము. త్రవ్వినవాని పేరు ఆ పుస్తకమునకు అక్కరలేదు. అందుచేత కాగితములను మాత్రమే చరిత్రయని నమ్మువానికి ఈ దేశపు రైలుదారులన్నియు ఇంజనీరులును మేస్త్రీలును కలిసి వేసినట్లే తోచును.

కాగితము విడిచినను, చూచి వ్రాసినవారు కొందరున్నారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథములో ఒడ్డెవారిని గూర్చి వ్రాయుచు, వారు తెలుగు మాట్లాడువారనియు, చెరువుగట్లు వేయుట, బావులు త్రవ్వుట, రాయి కొట్టుట మొదలైన పనులలో ఆరితేరినవారనియు చెప్పియున్నాడు. రైలుదారుల నిర్మాణమును గూర్చి 1995లో గ్రంథము వ్రాసిన అయన్ కెర్ అను చరిత్రకారుడును ఈ వడ్డెరల మట్టిపనిని ప్రత్యేకముగా పేర్కొనినాడు. ఆలుమగలు బిడ్డలతో గూడ పనిచోటికి కాపురమెత్తుకొని పోయి, మగవాడు గడ్డపారతో పెల్లగింపగా, ఆడది తట్ట నెత్తిన బెట్టుకొని గట్టెక్కి పోసి, పని తీరిన పిమ్మట మరియొక చోటికి కదలిపోయిన తెలుగు కుటుంబములవి. తమిళదేశమున వారిని బోయర్లని కూడ పిలుతురు. వారు మనకు క్రొత్తవారు కారు. మన జిల్లాలోనే ఉన్నారు.

ఈ దేశమునకు దారులు వేసినందుకు వారికి దక్కిన బహుమానమేమి? నేరస్థ జాతుల చట్టము క్రింద ఒడ్డెవారిలో కొన్ని తెగలను పుట్టుకచేతనే దొంగలని పట్టీలోనికి ఎక్కించిరి. గట్టు త్రవ్వినవాని పేరు కొలతల పుస్తకములో ఎక్కలేదు. అతని తెగ పేరు మాత్రము పోలీసు పుస్తకములోనికి ఎక్కినది. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినది. మన మనస్సులలోనుండి రద్దయినదా యని నేను అడుగుచున్నాను.

ఇచ్చట మన సంఘమువారిని నిష్ఠూరముగా నైనను ఒక మాట అడుగక తప్పదు. మన ఉగాది సభకు ఎందరు వడ్డెర కుటుంబములవారిని పిలుచుచున్నాము? మన సభ్యుల పట్టీలో వారి పేర్లు ఎన్ని? వేదికపై తెలుగు ప్రాచీనతను గూర్చి గంటసేపు ఉపన్యసించి, దిగి వచ్చి, రాయి కొట్టువాని తెలుగు విని మొరటు మాటయని నవ్వుట మనలో కొందరికి పరిపాటియైనది. మన పిల్లల తెలుగో? 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట బడిలో తెలుగు అక్షరములు నేర్చు అవకాశము సన్నగిల్లినదని మనమందరము వాపోవుచున్నాము. ఆ వాపోవుట న్యాయమే. కాని బడి లేక, పుస్తకము లేక, సంఘము లేక, సన్మానము లేక, తరతరములుగా ఇంట తెలుగును నిలుపుకొన్నవారు మన పొరుగుననే ఉండగా, వారివద్దకు పోయి 'ఇది మీకు ఎట్లు సాధ్యమైనది?' అని అడుగనివారము మనము. రాయలవారు మనకు తెలుగు కీర్తి నిచ్చిరి, నిజమే. మన ఊరిలో తెలుగు చెవినబడుటకు రాయలవారొక్కరే కారణము కారు.

దీనికి కొన్ని ఆక్షేపణలు వచ్చునని నేనెరుగుదును. రైలు తెల్లదొరలు తమ వ్యాపారమునకు వేసికొన్నది, దానితో మనకేమి గౌరవమని కొందరందురు. కోటలు రాజులు తమ యుద్ధములకే కట్టుకొన్నారు. అయినను శిల్పి చేతిపనిని మనము మెచ్చుకొనుచున్నాము గదా! వారు కూలికి చేసినారు, అందులో గొప్పయేమి యని మరికొందరందురు. నేనును కూలికే గుమాస్తాగిరి చేసితిని. ఆస్థానకవియు అగ్రహారము పుచ్చుకొనియే కావ్యము వ్రాసెను. కూలి పుచ్చుకొన్నంతమాత్రమున పనితనము తరగదు. ఇట్లు తెలుగువారి పని యని చాటుకొనుట తమిళ సోదరులకు కష్టము కలిగింపదా యని ఇంకొందరు జంకుదురు. పాపిరెడ్డిపట్టి, బుడ్డిరెడ్డిపట్టి – ఈ పేర్లను చూడుడు. ముందు రెడ్డి, వెనుక పట్టి. ఊరి పేరులోనే రెండు భాషలు పొత్తుగా కాపురము చేయుచున్నవి. ఆ గట్టుమీద తమిళ కూలియు తెలుగు కూలియు మోసిన మన్ను ఒక్కటే. కరువులో వారికిని మనకును ఆకలియు ఒక్కటే. కలిసి తలచుకొందమన్నచో కాదనువారెవరు?

ఇంతవరకు విమర్శించితిని గనుక, చేయదగినదేమో కూడ చెప్పవలెను. మన సంఘము ఏటేట విహారయాత్రకు బస్సు మాట్లాడి జలపాతములకును గుడులకును పోవుచున్నది. రాబోవు సంవత్సరము ఒకసారి మొరప్పూరునుండి పాత చిన్నరైలుదారి జాడవెంట కొంతదూరము నడచుటకు పిల్లలను తీసికొని పోవుదము. అది చాలవరకు పొలములలోను, బాటలలోను, ఇండ్లలోను కలిసిపోయినది. అందుచేతనే త్వరపడవలెను. పోవుటకు ముందు గ్రామ పటములను చూపించి, గట్టు ఎట్లుండును, మన్ను తీసిన గుంట ఎట్లుండును, రాతి తూము ఎట్లుండును అని పెద్దలు పిల్లలకు తెలుపవలెను. ఇతరుల భూమిలో అడుగుపెట్టుటకు వారిని అడిగి పోవలెను. సొరంగములు చూడగోరు యువకులు నలుగురు దొంగచాటుగా పోవుటకు మారుగా, సంఘము పేరిట రైల్వేవారికిగాని అటవీశాఖవారికిగాని విన్నపము వ్రాసి, అనుమతి పొంది, తెలిసినవారిని వెంటబెట్టుకొని పోవలెను. విన్నపము వ్రాయుటకు నేను సిద్ధముగా ఉన్నాను. ఆ విద్యయొక్కటే నాకు బాగుగా వచ్చును.

రెండవది, అంతకంటె ముఖ్యమైనది. ఆ సెల్‌ఫోనులతో మన కుర్రవారు గబ్బిలముల బొమ్మలు తీయుటకు ముందు, మన జిల్లాలోని వడ్డెర వృద్ధుల మాటలు పట్టవలెను. మట్టిని ఎన్ని రకములుగా పేర్కొందురు, రాతిపొరను ఎట్లు గుర్తింతురు, బరువు ఎత్తునప్పుడు ఏ పదము పాడుదురు, వారి తాతలు ఏ గట్టులు వేసితిమని చెప్పుకొనిరి – ఇవన్నియు నిఘంటువులకెక్కని తెలుగు. మట్టిపనికి యంత్రములు వచ్చిన తరువాత ఆ పనితోడనే ఆ మాటలును పోవుచున్నవి. తొంబది యేండ్ల వృద్ధుడు మన వీలు చూచుకొని వేచియుండడు. వ్రాసిన దానిని వచ్చు సంచికలో, చెప్పినవారి పేర్లతో, వారి అనుమతితో అచ్చువేయవలెను. కొలతల పుస్తకము విడిచిన పేర్లు మన సంచికలోనైన ఎక్కుగాక.

మూడవది, ఉగాది ఆహ్వానపత్రికలు అచ్చు కాకమునుపే ఆ కుటుంబముల ఇండ్లకు సంఘపు పెద్దలు స్వయముగా పోయి పిలువవలెను. పత్రిక పంపిన చాలదు. వారిలో ఒకరిని వేదికపై కూర్చుండబెట్టి మాట్లాడింపవలెను. వారి మాట మొరటుగా తోచినవారు ఆ పూట ఇంట నుండవచ్చును. వచ్చిన పిల్లలు మాత్రము, సొరంగపు చీకటిలో సెల్‌ఫోనునకు దొరకని దానిని ఆ మాటలలో విందురు. కార్యవర్గమువారు ఈ మూడింటిని రాబోవు సమావేశపు కార్యక్రమములో చేర్చి తీర్మానింపవలెనని కోరుచున్నాను.